యార్డంతా దాచిన రహస్యం

బొల్లా కోటిలింగానికి కావలసింది ఒక్క పూట సెలవు. మంగళవారం పొద్దున వెళ్లి, మధ్యాహ్నం అన్నం వేళకి తిరిగొచ్చి, ఎప్పటిలాగే తన కాటా పక్కన తాను నిలబడతాడు. అంతే. ఆ ఒక్క పూట అడిగిన పాపానికి మిర్చి యార్డు మొత్తానికి తాళం పడుతుందని అతను కలలో కూడా అనుకోలేదు.

కోటిలింగం ఆ యార్డులో కాటా గుమాస్తా. రైతులు తెచ్చిన మిరపకాయ బస్తాలను తూకం వేయిస్తాడు. పాతికేళ్లుగా ఆ ఘాటు పీల్చీ పీల్చీ అతనికి తుమ్ములు కూడా రావడం మానేశాయి. ఇంట్లో కూర చప్పగా ఉంటే కంచం జరిపేసే మనిషి. అలాంటి మనిషికి దేవుడు ఏరి ఏరి ఇచ్చిన జబ్బు మొలలు.

అసలు మొలలేనా అన్నదే పెద్ద ప్రశ్న. కొన్నాళ్లుగా రక్తం పడుతోంది. వీధి చివర చిన్న డాక్టరు చూసి, "మొలల్లాగే ఉన్నాయి. ఇంతకీ మీ నాన్న దేంతో పోయాడన్నావు?" అని అడిగాడు. నాన్న పేగులో పుండుతో పోయాడు. చెప్పుకోవడానికి సిగ్గుపడి, చెప్పుకునేసరికి ఆలస్యమై పోయాడు. చిన్న డాక్టరు ఆ మాట విని చీటీ రాసిచ్చాడు. "సిటీ నుంచి పెద్ద డాక్టరు నెలకోసారి మన ఊరి క్లినిక్కుకి వస్తాడు. గొట్టం వేసి చూసి, ఏదన్నదీ తేల్చి చెప్తాడు. మంగళవారం వస్తున్నాడు, వెళ్లు. వచ్చే నెలకి మాత్రం వాయిదా వెయ్యకు" అన్నాడు. ఆ చివరి మాటతో కోటిలింగానికి అన్నం సయించడం మానేసింది.

వెనకటి రోజులైతే చిక్కే లేదు. హెడ్డు గుమాస్తా భీమశంకరంగారి బల్ల ముందు నిలబడి, కడుపు పట్టుకుని, "కొంచెం బాగాలేదండీ" అంటే చాలు. ఆయన తలెత్తకుండా "పోయిరా" అనేవాడు. ఎక్కడ బాగాలేదో, ఎంత బాగాలేదో అడిగే ఓపిక ఎవరికీ ఉండేది కాదు. ఎవరూ కాపలా కాయకపోవడం వల్ల అందరి రహస్యాలూ భద్రంగా ఉండేవి.

కానీ యార్డుకి విశ్వమోహన్ గారని కొత్త కార్యదర్శి వచ్చాడు. వచ్చినవాడు ఊరుకోకుండా రాజధానిలో ఏదో శిక్షణా శిబిరానికి వెళ్లాడు. ఉద్యోగి గౌరవం, వ్యక్తిగత గోప్యత అన్న విషయం మీద చల్లటి హాల్లో కూర్చోబెట్టి పాఠాలు చెప్పారట. తిరిగి వచ్చేటప్పుడు ఆయన చేతిలో ఒక సంచీ, జేబులో ఒక పెన్నూ, కళ్లలో ఒక వెలుగూ ఉన్నాయి. సంచీ, పెన్నూ ఎవరికీ హాని చెయ్యలేదు.

"సొంత పని అని రాశారు" అన్నాడు విశ్వమోహన్, సెలవు కాయితం పైకెత్తి. "సదరు సొంత పని ఏ స్వభావం కలది?"

"డాక్టరు దగ్గరికండి" అన్నాడు కోటిలింగం.

కార్యదర్శి ముఖం పెట్రోమాక్సు లైటులా వెలిగింది. "వైద్య సంబంధ వ్యక్తిగత విషయమా! మా విధానం కింద మీదే మొదటి కేసు! కూర్చోండి, కూర్చోండి."

కోటిలింగం కూర్చోలేదు. కూర్చోవడం కుదిరితే ఈ సెలవే అక్కర్లేదు.

"మీ రోగం మీ సొంత ఆస్తి కోటిలింగంగారూ. ఇకమీదట దాని పరిరక్షణ బాధ్యత సంస్థ స్వీకరిస్తుంది. ఇంతకీ ఏమిటది?"

"చెప్పుకునేది కాదండి."

"చెప్పకూడదు! ఎట్టి పరిస్థితుల్లోనూ చెప్పకూడదు! అందుకే కమిటీ వేస్తున్నాను. కమిటీకి చెప్పండి చాలు."

"కమిటీ దేనికండి? నేనెవరికీ చెప్పను గదా. రహస్యం రహస్యంగానే ఉంటది."

విశ్వమోహన్ జాలిగా నవ్వాడు. "అది అసంఘటిత రహస్యం. ఒక్క మనిషి మోసే రహస్యానికి భద్రత ఏముంది? రేపు మీకు మతిమరుపు వస్తే? సంస్థాగత రహస్యానికి ఉండే పటిష్ఠత వేరు."

తనకు మతిమరుపు వచ్చినా మొలలు గుర్తుచేస్తూనే ఉంటాయని కోటిలింగం అనబోయి, మింగేశాడు.

రహస్య పరిరక్షణ సంఘం మర్నాడే కూర్చుంది. అధ్యక్షుడు విశ్వమోహన్. సభ్యులుగా భీమశంకరంగారు, మైకులో ప్రకటనలు చదివే మేరీ ఫ్లోరెన్సు మేడం, బస్తాలు మోసే హమాలీల నాయకుడు చెన్నకేశవులు, ఇంకా సెక్షనుకొకరు చొప్పున గది నిండా మనుషులు. రహస్యం బయటికి పోకూడదని కిటికీలన్నీ మూయించారు. తలుపు వేయించి, బయట వాచ్‌మన్ జాన్‌సైదాని నిలబెట్టారు.

మిర్చి యార్డులో కిటికీలు మూస్తే ఏమవుతుందో యార్డులో అందరికీ తెలుసు. సంఘం మొత్తం దగ్గడం మొదలెట్టింది.

"చెప్పండి" అన్నాడు విశ్వమోహన్ దగ్గుతూ.

"మొలలండి" అన్నాడు కోటిలింగం నేల చూస్తూ.

"ఆఁ? ఏం పిల్లలు?" అన్నాడు చెన్నకేశవులు, ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకుని.

"మొలలు!"

"దగ్గులో వినపడటంల్యా, గట్టిగా చెప్పరాదంటయ్యా!"

"మొలలండీ! నాకు మొలలూ!"

గదిలో ఒక్కసారి దగ్గులు ఆగిపోయాయి. తలుపు కొంచెం తెరుచుకుంది. జాన్‌సైదా తల లోపలికి పెట్టాడు. "సారూ, గేటు దాకా వినపడతంది. తలుపు ఇంకాస్త గట్టిగా వేసుకోండి."

ఫ్లోరెన్సు మేడం పైట కొంగు సర్దుకుంటూ గోడ మీది క్యాలెండరు చదవడం మొదలుపెట్టింది. విశ్వమోహన్ గొంతు సవరించుకుని, ఈ విషయం ఈ గది దాటరాదని తీర్మానం ప్రతిపాదించాడు. చెన్నకేశవులు లేచాడు.

"గది దాటకపోతే మా హమాలీల సంగతేంది? ఆఫీసోళ్లు మాత్రమే దాస్తారా? మావాళ్లు దాచలేరనా? దాచే హక్కు అందరికీ సమానంగా ఉండాల."

భీమశంకరంగారు ముప్పయ్యేళ్ల సర్వీసు ఉన్న మనిషి. ఏ తిక్కకైనా కాగితం మీద దారి చూపగలడు. "ఆయన చెప్పినదానిలో న్యాయం ఉందండీ. ఏది దాచాలో తెలియని సిబ్బంది ఏం దాస్తారు? పొరపాటున దాచనక్కర్లేనిది దాచి, దాచవలసింది ఎక్కడో అనేస్తే బాధ్యత ఎవరిది? కాబట్టి ఫలానావారికి ఫలానా జబ్బు ఉన్నది, అది ఎవరూ అనరాదు అని స్పష్టంగా తెలియపరచవలసి ఉంటుంది."

"స్పష్టత లేనిదే గోప్యత లేదు" అన్నాడు విశ్వమోహన్. అన్నాక ఆ వాక్యం ఆయనకే నచ్చి మరోసారి అన్నాడు.

"అయ్యా, నాకు సెలవొద్దండి, ఏమీ వద్దండి. నన్నొదిలెయ్యండి" అన్నాడు కోటిలింగం.

"వదిలెయ్యడమా? మీ గౌరవాన్ని గాలికి వదిలేస్తామా?" అన్నాడు విశ్వమోహన్. వెంటనే తీర్మానానికి అందరి చేతా చేతులెత్తించాడు.

సాయంత్రానికల్లా ప్రతి బల్ల మీదా ఉత్తర్వు వచ్చింది. పైన ఎర్ర సిరాతో గోప్యం అని ముద్ర, కింద బయట అన్నవారికి జరిమానా అని హెచ్చరిక. చదివినట్టు అందరూ సంతకం పెట్టారు. చదువురాని జాన్‌సైదాకి గేటు దగ్గర స్టూలు మీద నిలబడి భీమశంకరంగారే చదివి వినిపించారు. అప్పుడు గేటు దగ్గర మిరప ట్రాక్టర్లు ఉన్నాయి, సోడాబండి ఉంది, బడి వదిలిన పిల్లలున్నారు. అందరూ శ్రద్ధగా విన్నారు.

హమాలీలు వందలమంది. ఒక్కొక్కరికీ చదివి చెప్పడం ఎలా? మైకుంది కదా. మర్నాడు పొద్దున వేలంపాటకి ముందు ఫ్లోరెన్సు మేడం మైకు అందుకుంది. ఆదివారం చర్చిలో వాక్యం చదివే గొంతు ఆమెది. ఒక్కో అక్షరం గంట కొట్టినట్టు ఉంటుంది.

"రైతు సోదరులకు, వ్యాపారులకు, హమాలీలకు విజ్ఞప్తి. మూడో కాటా వద్ద పనిచేయు బొల్లా కోటిలింగం గారికి మొలలు కలవన్న విషయం అత్యంత గోప్యమైనదిగా ప్రకటించడమైనది. కావున ఎవ్వరూ దీని గురించి మాట్లాడుకోరాదు, ఊహించుకోరాదు, వారి నడకను పరిశీలించరాదు. తూర్పు గేటులో ట్రాక్టరు అడ్డముగా ఉన్నది, సదరు డ్రైవరు ఎక్కడున్నా వచ్చి తీయవలసినదిగా కోరుచున్నాము."

ఉత్తరాది నుంచి వచ్చిన కొనుగోలుదారుల సౌకర్యం కోసం ఇదంతా హిందీలో మళ్లీ చదివింది. ట్రాక్టరు సంగతి మాత్రం హిందీలో మర్చిపోయింది.

కోటిలింగం బస్తాల చాటుకి వెళ్లి నిలబడ్డాడు. ఎంతసేపని నిలబడతాడు? బయటికి రాగానే యార్డంతా ఆకాశం చూడటం మొదలుపెట్టింది. అతను నడుస్తుంటే అతని నడక పరిశీలించకుండా ఉండటానికి మనుషులు వరసగా వెనక్కి తిరిగి నిలబడ్డారు. పాతికేళ్లలో మంత్రులు వచ్చినప్పుడు కూడా అంత క్రమశిక్షణ ఆ యార్డులో అతను చూడలేదు.

అంకమ్మ అని ఒక ముసలి రైతు ఉంది. ఏటా తన కాయ తానే తెచ్చుకుంటుంది, తానే అమ్ముకుంటుంది. ఆమె బస్తాలు కాటా ఎక్కించి, చుట్టూ చూసి, గొంతు తగ్గించింది.

"అబ్బాయ్, నీకేమీ లేదని చెప్పారు. విన్నా."

"సరేనమ్మా."

"మా ఆయనకి గూడా నీకు లేనిదే ఉండేది. నానా బాధా పడ్డాడు. మజ్జిగలో ముల్లంగి రసం కలిపి ఇస్తే నెమ్మదించింది. నీకు లేదు గదా, అయినా తాగు."

"తాగుతానమ్మా. ఆ చెయ్యి తియ్యి, తూకం తేడా వస్తది."

ఇంటికి వెళితే భార్య తిరపతమ్మ గడపలోనే ఉంది.

"ఏందయ్యా ఇది? బజారుకి పోతే నన్ను చూసి అందరూ నోళ్లు మూసుకుంటన్నారు. ఏందని కూరలమ్మిని అడిగితే, చెప్తే జరిమానా వేస్తారంట వదినా, మీ ఆయనకి మొలలని నేననకూడదు అంటది! కూరలమ్మికి తెలిసిందాకా నాకు తెలవకూడదా?"

కోటిలింగం గోడకి ఆనుకుని నిలబడ్డాడు. "నీకు చెప్పకుండా ఉన్నది సిగ్గుతో కాదు."

"మరి?"

ఆమె అతని ముఖం చూసింది. చూస్తూ చూస్తూ ఆమె గొంతులో కోపం దిగిపోయింది. "మావయ్యగారికి గూడా మొదట రక్తమే పడింది" అంది మెల్లగా.

"ఊఁ."

"మంగళారం నువ్వు పోవాల్సిందే. యార్డు తగలబడినా సరే, పోవాల్సిందే."

యార్డు తగలబడలేదు గానీ, బాగుపడటం మొదలుపెట్టింది. కోటిలింగం కూర్చోలేకపోవడం సంఘం దృష్టికి వచ్చి, నడిమధ్యన చిల్లున్న దిండు ఒకటి కొనమని సిఫారసు చేసింది. అతనొక్కడికే దిండు వేస్తే అందరూ కనిపెట్టరూ? కనక ఆఫీసు మొత్తానికి చిల్లు దిండ్లు వచ్చాయి. కార్యదర్శి దిండుకి మాత్రం అంచు కుట్టు ఉంది. పని మీద వచ్చిన వ్యాపారి ఒకాయన, వరసగా దిండ్ల మీద కూర్చున్న ఆఫీసు చూసి, మిర్చి వ్యాపారం మానేసి పసుపు వ్యాపారంలోకి పోతే ఎలా ఉంటుందని పక్కాయన్ని అడిగాడు.

మంగళవారం దగ్గరపడింది. సెలవు సంగతి తేలలేదు. కోటిలింగం తెగించి కార్యదర్శి గదిలోకి వెళ్లాడు. భీమశంకరంగారు కూడా అక్కడే ఉన్నారు.

"అయ్యా, రేపే మంగళారం. మంజూరు చేశారాండి?"

"ఎప్పుడో మంజూరైంది" అన్నాడు విశ్వమోహన్. "కాకపోతే ఒక సాంకేతిక ఇబ్బంది ఉత్పన్నమైంది. భీమశంకరంగారూ, వివరించండి."

"మంగళవారం నువ్వొక్కడివే రాకపోతే, నువ్వు డాక్టరు దగ్గరికి వెళ్లావని అందరూ గ్రహిస్తారు. అంటే మంజూరైన సెలవే రహస్యాన్ని బట్టబయలు చేస్తుందన్నమాట. కాబట్టి నువ్వు సెలవులో ఉండవచ్చు, కానీ గైర్హాజరు కారాదు."

"ఒకే మనిషి రెండుచోట్ల ఎట్టా ఉంటాడండి?"

"మేమూ అదే చర్చించాం."

"అయ్యా" అన్నాడు కోటిలింగం. "మా నాయన ఇదే దాచుకోని పోయాడు. అది మొలలో, ఇంకోటో నాకు తెలవాలండి. డాక్టరు ఆ ఒక్క పూటే ఉంటాడు. మధ్యాహ్నం రైలుకి పోతాడు. మీకు దణ్ణం పెడతా."

విశ్వమోహన్ నిజంగా చలించాడు. మంచి మనిషి. అదే ఆయనతో వచ్చిన చిక్కు. బల్ల మీద చెయ్యి వేసి, "మీరు వెళ్తారు. మీ గైర్హాజరు కనబడకుండా చేసే పూచీ నాది. ఆ రోజు మొత్తం సిబ్బంది సెలవు పెడతారు!" అన్నాడు.

భీమశంకరంగారికి వెంటనే మరో నిబంధన తోచింది. ఈ విధానం కింద సెలవు కావాలంటే ప్రతి ఒక్కరూ డాక్టరుని కలవాలి. ఏదో ఒక డాక్టరుని కాదు. వేరే వేరే డాక్టర్ల దగ్గరికి వెళితే ఎవరికి ఏ జబ్బో తెలిసిపోతుంది. కనక అందరూ ఒకే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

మంగళవారం పొద్దున యార్డు గేటుకి తాళం. గేటు బయట మిరప ట్రాక్టర్లు పెద్ద రోడ్డు దాకా నిలిచిపోయాయి. గేటు మీద అట్టముక్క: కారణం చెప్పరాని కారణం చేత యార్డు ఈ పూట మూసివేయబడినది. చదివిన రైతు చదవని రైతుకి కారణం చెప్పాడు.

క్లినిక్కుకి కోటిలింగమే ముందు వెళ్లాడు. తలుపులు తీయకముందే మెట్ల మీద నిలబడ్డాడు. అంతలో ఆఫీసంతా చంకల్లో దిండ్లు పెట్టుకుని వచ్చింది. విశ్వమోహన్ వరస సరిచేశాడు. సర్వీసు ప్రకారం, హోదా ప్రకారం. అందరికంటే ముందు తాను, వెనక భీమశంకరంగారు, ఆపైన ఆఫీసర్లు, గుమాస్తాలు. కాటా గుమాస్తా చివరాఖరికి పోయాడు. జాన్‌సైదాకి ముందు, అంతే.

"అయ్యా, జబ్బు నాది గదండి!" అన్నాడు కోటిలింగం.

"ష్!" అన్నాడు విశ్వమోహన్. "మిమ్మల్ని ముందు పంపితే అసలు రోగి ఎవరో తెలిసిపోదూ?"

పెద్ద డాక్టరు లోపలికి వచ్చాడు. పొట్టిగా, బట్టతలతో, చేతి గడియారం వైపే చూస్తూ నడిచే మనిషి. ఆయనకి ఒక్కటే జబ్బు తెలుసు, ఒక్కటే పరీక్ష తెలుసు, మాటలకి టైము లేదు. విశ్వమోహన్ లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

బయటికి మాటలు వినిపించాయి.

"నమస్కారం. నేను మిర్చి యార్డు కార్యదర్శిని. మా సంస్థ గోప్యతా విధానంలో భాగంగా నేను లాంఛనప్రాయంగా..."

"పడుకో. అటు తిరుగు. మోకాళ్లు ముడువు."

"డాక్టరుగారూ, నేను కేవలం సంఘీభావం..."

"ఊపిరి పీల్చు."

ఆ తర్వాత విధానపరమైన మాటలేవీ వినిపించలేదు. ఒక్క కేక వినిపించింది. అందులో కార్యాలయ భాష లేదు. అచ్చంగా అమ్మని పిలిచాడు.

విశ్వమోహన్ బయటికి వచ్చాడు. రాజధాని నుంచి తెచ్చుకున్న వెలుగు కళ్లలో లేదు. గోడ పట్టుకుని, ఒక్కో అడుగూ ఆలోచించి వేస్తూ బెంచీ దాకా వచ్చి, కూర్చోకుండా ఆగిపోయాడు. అందరూ పాత అలవాటు కొద్దీ ఆయన నడక పరిశీలించకుండా ఉందామనుకున్నారు గానీ, ఆ రోజు ఎవరి వల్లా కాలేదు.

"రెండో నంబరు!" అన్నాడు కాంపౌండరు.

భీమశంకరంగారు లేచారు. తలుపు చూశారు. కార్యదర్శిని చూశారు. ముప్పయ్యేళ్ల సర్వీసులో మొదటిసారి కాగితం మీద దారి దొరకలేదు. "ఆఫీసు తాళాలు ఇంట్లో మర్చిపోయినట్టున్నాను" అని మెట్లు దిగారు. ఆయన వెనక ఆడిటు గుమాస్తాకి పాలవాడు గుర్తొచ్చాడు. చెన్నకేశవులు, "మావాళ్లని అడక్కుండా నేనెట్టా చూపిస్తా?" అని వెళ్లిపోయాడు. ఫ్లోరెన్సు మేడం ఎవరికీ ఏమీ చెప్పలేదు. దిండు కుర్చీలోనే వదిలేసి నడిచిపోయింది. జాన్‌సైదా కోటిలింగం భుజం తట్టి, "నువ్వు పో అన్నా. నేను బోయి గేటు తీస్తా. ఎండలో కాయ తెల్లబడిపోతది" అన్నాడు.

వరస మొత్తం కరిగిపోయి కోటిలింగం ఒక్కడే మిగిలాడు. వెళ్లాడు. పడుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. నాన్న మంచం గుర్తొచ్చింది, మంచం పక్కన ఆయన ఎవరికీ చూపించకుండా దాచిన పాత పంచెలు గుర్తొచ్చాయి. లోపల గొట్టం కదులుతోంది.

"మొలలే" అన్నాడు డాక్టరు చివరికి, చేతులు కడుక్కుంటూ. "ఇంకేం లేదు. లోపలంతా శుభ్రంగా ఉంది. ఏడుస్తావేంటయ్యా? కారం తగ్గించు. ఏం పని చేస్తావు?"

"మిర్చి యార్డండి."

డాక్టరు మొదటిసారి గడియారం వదిలేసి మనిషిని చూశాడు.

బయటికి వస్తే విశ్వమోహన్ ఇంకా గోడ దగ్గరే ఉన్నాడు. కోటిలింగాన్ని పక్కకి పిలిచాడు. చుట్టూ చూశాడు.

"కోటిలింగం... నీకేం చెప్పాడు?"

"మొలలేనంటండి. ఇంకేం లేదంట."

"మంచిది. చాలా మంచిది." ఆయన పెదవులు తడుపుకున్నాడు. "నాకు కూడా ఉన్నాయంటయ్యా. ఆపరేషను చెయ్యాలట. నాకు కత్తంటే చచ్చేంత భయం. నీకు దణ్ణం పెడతా, యార్డులో ఎవరికీ చెప్పకు."

"కమిటీ వెయ్యాలి గదండి?" అన్నాడు కోటిలింగం.

విశ్వమోహన్ అతని చెయ్యి పట్టుకున్నాడు. కమిటీ లేకుండా, దిండు లేకుండా, ఒక మామూలు మనిషి భయపడి పట్టుకున్న చెయ్యి. కోటిలింగం దాన్ని విదిలించుకోలేదు. "పదండి, రిక్షా ఎక్కిస్తా. ఒక పక్కకి ఒరిగి కూర్చోండి, నెప్పి తెలవదు" అన్నాడు.

యార్డు దగ్గరికి వచ్చేసరికి జాన్‌సైదా గేటు తీసేశాడు. ట్రాక్టర్లు లోపలికి కదులుతున్నాయి. కోటిలింగాన్ని చూడగానే జనం మళ్లీ ఆకాశం వైపు తలలెత్తారు. అంకమ్మ ఒక్కతే ఎత్తలేదు. ఆమె తిన్నగా వచ్చి ఎదురుగా నిలబడింది.

"అబ్బాయ్, జరిమానా వేస్తే వేసుకోమను. డాక్టరేమన్నాడు?"

"మొలలేనమ్మా. ఇంకేం భయం లేదంట."

అంకమ్మ వెనక్కి తిరిగి, మైకు అక్కర్లేని గొంతుతో అరిచింది. "ఒరేయ్, వట్టి మొలలేనంటరా! ఇంకేం లేదంట!"

ట్రాక్టర్ల మీద నుంచి తువ్వాళ్లు లేచాయి. ఎవరో హారన్ కొట్టారు. హమాలీలు ఈలలు వేశారు. కోటిలింగానికి ఆ గోలలో సిగ్గెయ్యలేదు. తిరపతమ్మకి ఎవరైనా ముందే చెప్పేస్తారేమోనని మాత్రం కొంచెం కంగారుపడ్డాడు.

"మరి మీ ఆఫీసరు గూడా పోయాడంటగా" అంది అంకమ్మ, బస్తా మూతి విప్పుతూ. "ఆయనకేందంట?"

"ఆయనకేముంటది? నాకు తోడొచ్చాడు."

అంకమ్మ అతని ముఖం వైపు చూసింది. తెల్లబడిన తాలుకాయని చేతిలోకి తీసుకోకుండానే పసిగట్టే కళ్లు ఆమెవి. తలకి తువ్వాలు చుట్టుకుంది.

"సరేలే" అంది. "బస్తా ఎత్తించు."